పాళెము వెలుపల తోడున్న దేవుడు

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 3:10-12, మార్కు 1:40-45, హెబ్రీయులకు 13:12, 13



మెట్‌పల్లిలో బస్సు ఎక్కి ఆర్మూరు చేరి, అక్కడ నుండి హైదరాబాదు రోడ్డు పట్టినయెడల దారిలో డిచ్‌పల్లి వచ్చును. ఆ దారి మనకు క్రొత్త కాదు. పసుపు బస్తాలతో మార్కెట్టుకు పోవు రైతు ఆర్మూరు దాక ఆ దారినే పోవును. గల్ఫు దేశమునకు పోవు కొడుకును విమానము ఎక్కించుటకు మనలో కొందరు ఆ దారినే కన్నీళ్లతో పోయి వచ్చిరి.

అయితే డిచ్‌పల్లి పేరు వినగానే మన అవ్వల కాలపువారు గొంతు తగ్గించి మాటలాడెడివారు. ఏలయనగా అది కుష్ఠురోగుల దవాఖాన ఉన్న ఊరు. ఆ రోగము పేరు పలుకుటకు కూడ వెరచి జనులు దానిని పెద్దరోగమనియు మహారోగమనియు చాటుగా చెప్పుకొనిరి. పేరు పలుకుటకే అంత భయమైతే, ఆ రోగము గల మనుష్యుని ముట్టుటకు ఎంత భయముండెనో మీరే ఆలోచించుడి.

ఈ నెల మనము ఆ భయమును గూర్చియు, దాని యెదుట నిలిచిన ధైర్యమును గూర్చియు ధ్యానించుదము. భయపడవద్దను మాట మనము గుడిలో ఎన్నోసార్లు విన్నాము. విని ఇంటికి వచ్చి చూచినయెడల భయము మన గుమ్మములోనే కూర్చుండి యుండును. గనుక భయపడవద్దని చెప్పుట మాత్రమే చాలదు. భయము ఉండగానే ముందుకు అడుగు వేసినవారు ఎట్లు వేసిరో చూడవలెను.

భయము కట్టిన గోడ

ఆ భయమునకు కారణము లేకపోలేదు. కుష్ఠు ఒక్క దినములో చంపు రోగము కాదు. అది దొంగవలె మెల్లగా వచ్చును. మొదట చర్మము మీద పాలిపోయిన మచ్చ యొకటి, లేక ఎఱ్ఱని మచ్చ కనబడును. ఆ మచ్చలో స్పర్శ తెలియదు. మందు లేక విడిచినయెడల నరములు చెడి వ్రేళ్లు వంకరపోవును. పాదములలో పుండ్లు పడును. కొందరికి కనురెప్పలు మూతపడవు. మందు లేని దినములలో దీనిని చూచినవారు శాపమనిరి, పాపఫలమనిరి. రోగిని ఊరి వెలుపలికి పంపిరి.

లేవీయకాండము 13వ అధ్యాయములో ఇట్టి రోగి తాను అపవిత్రుడనని తానే కేకవేయుచు, పాళెము వెలుపల ఒంటరిగా నివసింపవలెనని చదువుచున్నాము. అక్కడి హెబ్రీ మాట అనేకవిధములైన చర్మరోగములకు చెల్లునని పండితులు చెప్పుదురు. అయినను లోకము ఆ భారమంతయు ఈ యొక్క రోగి తలమీదనే పెట్టెను.

భయము పల్లెలలోనే కాదు, చట్టములలో కూడ వ్రాయబడెను. బ్రిటిషు ఇండియాలో 1898లో చేసిన కుష్ఠురోగుల చట్టము, బిచ్చమెత్తి బ్రతుకు రోగులను పట్టి ఆశ్రమములలో ఉంచుటకు అధికారమిచ్చెను. ఆ చట్టము 2016లో గాని రద్దు కాలేదు. భార్యాభర్తలలో ఒకరికి ఈ రోగము ముదిరినయెడల రెండవవారు విడాకులు కోరవచ్చునను మాట క్రైస్తవులకు వర్తించు విడాకుల చట్టములో కూడ ఉండెను. పార్లమెంటు దానిని 2019లో తీసివేసెను. సంఘము ఎదుట నిలిచి, సుఖములోను రోగములోను ఒకరినొకరు విడువమని ప్రమాణము చేసిన మనకు ఇది సిగ్గుపడవలసిన సంగతి కాదా?

దూరదేశములలో కూడ ఇట్లే ఉండెను. హవాయి దీవులలో ఈ రోగము గలవారిని మొలోకై అను దీవికి పంపి, అక్కడ వేరుగా ఉంచిరి. బెల్జియము దేశస్థుడైన డామియన్ అను కతోలిక గురువు 1873లో అక్కడికి పోయి, వారి పుండ్లు కడిగి, వారికి ఇండ్లు కట్టి, వారి మృతులను పాతిపెట్టెను. చివరకు అదే రోగము తనకు సోకి 1889లో మరణించెను. ఆయన ప్రేమను లోకమంతయు కొనియాడెను. అయితే ముట్టినవానికి ఏమి జరుగునో చూచితిరా అని వెరచినవారును ఉండిరి.

డామియన్ మొలోకైకి పోయిన ఆ 1873వ సంవత్సరముననే నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ ఈ రోగమునకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొనెను. గనుక ఇది శాపము కాదు, తండ్రుల నుండి పిల్లలకు రక్తములో వచ్చునది కాదు, క్రిమి వలన కలుగు వ్యాధియే యని తెలిసెను. కాని క్రిమి దొరికినను దానిని చంపు మందు దొరకలేదు. కారణము తెలిసినంత మాత్రమున భయము తొలగిపోదని దీనివలన నేర్చుకొనుచున్నాము.

చూచి నిలిచిన డాక్టరమ్మ

అట్టి కాలములో, 1907వ సంవత్సరమున, స్కాట్లండు దేశస్థురాలైన ఇసబెల్ కెర్ అను వైద్యురాలు తన భర్తయైన జార్జి కెర్ పాదిరిగారితో కూడ వెస్లియన్ మిషను పక్షమున నిజాము రాజ్యమునకు వచ్చెను. ఆమె 1875లో జన్మించి, 1903లో అబర్డీన్ విశ్వవిద్యాలయమున వైద్యవిద్య ముగించెను. ఆ దినములలో స్త్రీలు వైద్యులగుటయే అరుదు. నిజామాబాదు ప్రాంతమున పనిచేయుచుండగా, కుష్ఠు సోకినవారికి తలదాచుకొను చోటు గాని చికిత్స గాని లేకపోవుట ఆమె కంటబడెను.

కంటబడుట అందరికిని కంటబడెను. మన ప్రభువు చెప్పిన ఉపమానములోని యాజకుడును లేవీయుడును దెబ్బలు తిన్నవానిని చూడకపోలేదు. వారు చూచి ప్రక్కగా పోయిరి. సమరయుడు చూచి నిలిచెను. ధైర్యమునకును పిరికితనమునకును మధ్య భేదము తరచుగా ఇంతమాత్రమే. ఆమెయు చూచి నిలిచెను.

నిజామాబాదులో ధనవంతుడైన రాజా నర్సాగౌడుగారు ఆ పనికి ధనసహాయము చేసెను. ఆయన హిందువు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా పేరట దవాఖాన వెలసెను. ఆ ధైర్యము మిషనువారిది మాత్రమే కాదని మనము మరువరాదు. రోగులకు ఇల్లు కట్టుటకు తన ధనమిచ్చిన ఆ పెద్దమనిషి కూడ భయపు గోడలో ఒక రాయి తీసివేసెను. దేవుడు తన కనికరపు పనికి ఎవరి చేతినైనను వాడుకొనుటకు సమర్థుడు.

అప్పటి మందు ఏమిటి? నీరడి విత్తుల నుండి తీసిన నూనె. వైద్యులు దానిని హిడ్నోకార్పస్ నూనె యందురు. త్రాగినయెడల కడుపులో వికారము పుట్టించును. గనుక దానిని సూదితో ఎక్కించు పద్ధతి వచ్చెను. కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్, ఎర్నెస్ట్ మ్యూర్ అను వైద్యులు ఆ చికిత్సను వృద్ధిచేసిరి. అది చిక్కని నూనె. సూది గ్రుచ్చిన చోట నొప్పియు వాపును కలుగును. వారము వెంబడి వారము, నెలలకొలది, కొందరికి ఏండ్లకొలది సూదులు వేయవలెను. ఇంత చేసినను అందరికిని నయము కాలేదు. రోగము తొలిదశలో ఉన్నవారికే ఎక్కువ మేలు కలిగెను.

ఒక సంగతి గమనించుడి. సూది వేయవలెనన్న దగ్గరికి పోవలెను. పుండు కట్టవలెనన్న పాదము పట్టుకొనవలెను. ఆ దవాఖానలో నూనె పనిచేయకముందే రోగికి దొరకిన మందు ఒకటి కలదు. అది తన్ను ముట్టిన మరియొక మనుష్యుని చెయ్యి.

ఇసబెల్ కెర్ 1923లో కైసరే హింద్ పతకము పొందెను. 1932లో, ఈ దేశమునకు వచ్చిన ఇరువది యైదవ యేట, ఆమె కన్నుమూసెను. ఆమె మొదలుపెట్టిన పని నిలిచిపోలేదు. ఆ డిచ్‌పల్లిలోనే పనిచేసిన జాన్ లో అను వైద్యుడు తరువాత ఆఫ్రికా ఖండములోని నైజీరియాకు పోయెను. డాప్సోను అను మందును మాత్రలుగా మ్రింగించి ఈ రోగమును కుదుర్చవచ్చునని 1940ల చివర చూపినవారిలో ఆయన యొకడు. మన పొరుగున వెలిగిన దీపపు వెలుగు అంత దూరము పోయెను.

తెలియని చెయ్యి ధైర్యము గల చెయ్యి కాదు

ఆమె హృదయములో భయము లేదా అని మీరు అడుగవచ్చును. హృదయములను చూచువాడు దేవుడొక్కడే. డామియన్ మరణించి ఇరువదేండ్లయినను నిండని కాలమది. వైద్యురాలు గనుక అపాయము ఎంతో ఆమెకు తెలియును. తెలిసియు చెయ్యి చాపెను. మనము చూడగలిగినది ఇంతే. ఇదియే చాలును.

ఇక్కడ ఈ రోగమే మనకు ఒక పాఠము చెప్పుచున్నది. వేలూరులో 1946 నుండి పనిచేసిన పాల్ బ్రాండ్ అను మిషను వైద్యుడు కుష్ఠురోగుల చేతులను శోధించి, వంకరపోయిన వ్రేళ్లను శస్త్రచికిత్సతో చక్కదిద్దెను. వ్రేళ్లు వాటంతట అవి రాలిపోవుట లేదనియు, నొప్పి తెలియనందున కాలుచు, కోసుకొనుచు, నలుగుచు పాడగుచున్నవనియు ఆయన స్పష్టముగా చూపెను. పసుపు ఉడికించు కడాయిని వట్టిచేతితో పట్టుకొనినవానిని చూచి, ఎంత ధైర్యవంతుడని మనమనము. వాని చెయ్యి మొద్దుబారినది గనుక పట్టుకొనెను. తెలియని చెయ్యి ధైర్యము గల చెయ్యి కాదు. అది కాలిపోవు చెయ్యి.

భయమును ఇట్లే తలంచుడి. నొప్పివలె భయమును దేవుడు మన దేహములో పెట్టిన కావలివాడు. పాము ఉన్నదని, వరద వచ్చుచున్నదని అది మనలను హెచ్చరించును. భయమే తెలియనివాడు ధైర్యశాలి కాడు. అయితే కావలివాడు యజమానుడు కాకూడదు. భయము చెప్పిన మాట విని, ఆ తరువాత తన ప్రభువు చెప్పిన మాట విని, ప్రభువు మాట చొప్పున నడుచుకొనువాడే ధైర్యశాలి.

ఆ ప్రభువు మాట ఏమిటి? నిర్గమకాండము 3వ అధ్యాయములో దేవుడు మోషేను ఫరో యొద్దకు పొమ్మనెను. మోషే భయపడి తాను ఏపాటివాడనని అడిగెను. దేవుడు అతని బలమును పొగడలేదు, ఫరో బలహీనుడనియు చెప్పలేదు. తాను అతనికి తోడైయుందునని మాత్రము చెప్పెను. మోషే ప్రశ్న మోషేను గూర్చినది. దేవుని జవాబు దేవుని గూర్చినది. నేను చాలుదునా అని మనము అడుగుచుండగా, నేను నీతో ఉన్నానని ఆయన చెప్పుచున్నాడు. తరువాతి అధ్యాయములో మోషే తన చెయ్యి రొమ్మున ఉంచుకొని తీయగా అది కుష్ఠుతో తెల్లబారెను. మరల ఉంచి తీయగా బాగాయెను. రోగి చెయ్యి ఎట్టిదో తన చేతిలోనే చూచినవానిని దేవుడు విడుదల పనికి పంపెను.

ముట్టిన ప్రభువు

మార్కు సువార్త 1వ అధ్యాయము తెరచి చూడుడి. కుష్ఠురోగి యొకడు వచ్చి ప్రభువు ఎదుట మోకరించెను. ప్రభువు ఒక్క మాటతో వానిని బాగుచేయగలడు. శతాధిపతి దాసుని దూరము నుండియే స్వస్థపరచెను గదా! కాని ఇక్కడ ఆయన కనికరపడి చెయ్యి చాపి ముట్టెను. వాడు శుద్ధుడైన తరువాత ముట్టలేదు, ముందే ముట్టెను.

అధ్యాయపు చివరి వచనమును కూడ విడువక చదువుడి. బాగుపడినవాడు ఊరంతయు తిరిగి సంగతి ప్రకటించెను. దానివలన యేసు ఆ తరువాత పట్టణములో బాహాటముగా ప్రవేశింపలేక, వెలుపల అరణ్యప్రదేశములలో ఉండెను. చూచితిరా, స్థలములు మారినవి! వెలుపల ఉన్నవాడు లోపలికి వచ్చెను. లోపల ఉండవలసిన ప్రభువు వెలుపలికి పోయెను. ఆయన గవిని వెలుపలనే శ్రమపడెనని హెబ్రీయుల పత్రిక చెప్పుచు, మనమును ఆయన నిందను మోయుచు అక్కడికే పోవలెనని పిలుచుచున్నది.

ప్రియులారా, దేవుని సన్నిధి గుడి నాలుగు గోడల మధ్యనే ఉన్నదని మనము తలంచుచున్నాము. భయము మనలను పోవద్దన్న చోటనే ఆయన మనకంటె ముందు పోయి నిలిచియున్నాడు. డిచ్‌పల్లికి ఆ డాక్టరమ్మ ప్రభువును మోసికొని రాలేదు. పాళెము వెలుపలివారితో ఆయన అంతకుముందే ఉండెను. అక్కడికి పోయినవారు ఆయనను కనుగొనిరి.

రోగుల ధైర్యము

మనము వైద్యులను మెచ్చుకొని రోగులను మరచుదుము. ఇల్లు విడిచి, ఊరు విడిచి, పేరు తెలియని చోటికి వచ్చి, నయమగునో కాదో నిశ్చయము లేని సూదికి వారము వారము చెయ్యి చాచుట చిన్న ధైర్యమా? లూకా 17వ అధ్యాయములోని పదిమంది కుష్ఠురోగులు బాగుపడి నడువలేదు, నడుచుచుండగా బాగుపడిరి. మచ్చ ఇంకను ఒంటిమీద ఉండగానే ప్రభువు మాట నమ్మి మొదటి అడుగు వేసిరి. డిచ్‌పల్లి దారి పట్టినవారు కూడ మచ్చ ఒంటిమీద ఉండగానే అడుగు వేసిరి.

నేడు మన యెదుట ఉన్న భయము

ఇది పాత కథ యని పుస్తకము మూసివేయకుడి. ఇప్పుడు ఈ రోగమునకు మంచి మందు కలదు. మూడు మందులను కలిపి ఇచ్చు చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 1981లో సిఫారసు చేసిరి. కొందరికి 6 నెలలు, మరికొందరికి 12 నెలలు మందు చాలును. సర్కారు దవాఖానలో ఆ మందు ఉచితము. మందు మొదలుపెట్టిన కొద్దికాలములోనే రోగి నుండి ఇతరులకు సోకుట ఆగిపోవును. మనలో అత్యధికుల దేహములకు ఈ క్రిమిని ఎదిరించు శక్తి దేవుడిచ్చినదే కలదు. చెయ్యి పట్టుకొనినంత మాత్రమున, ప్రక్కన కూర్చుండి భోజనము చేసినంత మాత్రమున ఈ రోగము అంటదు.

2005 చివరకు మన దేశములో రోగులు పదివేల మందికి ఒకరికంటె తక్కువైరని ప్రభుత్వము ప్రకటించెను. అయినను రోగము పూర్తిగా పోలేదు. 2023లో లోకమంతట కనుగొనబడిన క్రొత్త రోగులు సుమారు 1,80,000 మంది. వారిలో లక్షకు పైగా మన దేశమువారే.

మందు ఉండగా ఇంకను చేతులు వంకరపోవుట ఎందుకు? ఆలస్యము వలన. ఆలస్యమునకు ఒక పెద్ద కారణము భయము. బీడీలు చుట్టు అక్కకు వ్రేళ్ల కొనలలో ఆకు తగులుట తెలియదు. పొయ్యి యొద్ద చెయ్యి కాలిన సంగతి బొబ్బ వచ్చిన తరువాత గాని తెలియదు. వీపు మీద మచ్చ యొకటి కనబడును. ఇంటిలోని పెద్దామె చూచి, "శోభి మచ్చనే బిడ్డా, ఎవ్వలకు చెప్పకు. పెండ్లి గావలసిన పిల్లవు" అనును. ఆమె ప్రేమతోనే అనెను. కాని ఆ ప్రేమ భయపు చెర సాలలో ఉన్నది. ఆ దాచిన ఏడాదిలోనే నరము చెడిపోవును. రోగము చేయని కీడును దాచుట చేయును.

గనుక మెట్‌పల్లి చుట్టుపట్ల పల్లెలలోని సంఘములారా, ఈ మూడు సంగతులు మనస్సున ఉంచుకొనుడి.

మొదటిది, స్పర్శ తెలియని మచ్చ ఉన్నయెడల దాచకుడి. ఆశా కార్యకర్త మీ యింటికి వచ్చి అడిగినప్పుడు చూపుడి. ఆమె రాకపోయినయెడల మీరే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవుడి. దేవుడు తోడుండుననుట మందు మానుటకు సాకు కాదు. మందు యొద్దకు నడిచిపోవుటకు బలము.

రెండవది, ఒంటరిగా పోవుటకు వెరచువారితో మీరు కూడ పోవుడి. దేవుడు తోడున్నాడని వారికి నోటితో చెప్పుట సుళువు. వారి ప్రక్కన బస్సులో కూర్చుండి, దవాఖాన వరుసలో నిలుచుండుట వలన ఆ మాట వారికి కనబడును.

మూడవది, ఏనాడో నయమై, వంకర వ్రేళ్లు మాత్రము మిగిలినవారు మన మధ్య ఉన్నయెడల ప్రభురాత్రి భోజనమునాడు వారి స్థలము ఏదో చూడుడి. వారు చివరి వరుసలో చాప కొసన కూర్చుండిరా? వారు పాత్ర అందుకొనిన తరువాత మనము ఒక్క క్షణము సందేహించితిమా? ఆ క్షణములోనే మన విశ్వాసము పరీక్షింపబడుచున్నది. దేవుని సన్నిధిని నమ్ముచున్నామని కీర్తన పాడుట ఒకటి. ఆ చెయ్యి పట్టుకొని సమాధానము చెప్పుట మరియొకటి.

మీ భయము ఈ రోగము కాకపోవచ్చును. అప్పు ఇచ్చినవాడు తలుపు తట్టుట కావచ్చును. పరదేశములో ఉన్న కొడుకు ఫోను చేయని రాత్రి కావచ్చును. డాక్టరు వ్రాసి ఇచ్చిన చీటీ కావచ్చును. ఏదైనను మార్గము ఒక్కటే. భయము లేదని బొంకకుడి. ప్రభువు తోడున్నాడని ఒప్పుకొని, నేడు వేయవలసిన ఒక్క అడుగు వేయుడి. రేపటి అడుగు నొద్దను ఆయన ఉండును.

ప్రార్థించుదము: పాళెము వెలుపలికి పోయిన ప్రభువా, మా భయము నీకు తెలియును. మేము దాచిన మచ్చలును, మేము తొలగిపోయిన మనుష్యులును నీకు తెలియుదురు. మొద్దుబారిన మా చేతులకు స్పర్శ నిమ్ము. ముట్టుటకు వెరచినప్పుడు నీ చెయ్యి మా చేతిమీద ఉంచుము. నీవున్న చోటికి మమ్మును నడిపించుము. నీ నామమున అడుగుచున్నాము. ఆమేన్.